మూసేసిన క్వారీ నేల తనిఖీ: మొక్కల లెక్క కన్నా ముందు నీటి దారి

క్వారీ మూసేసి, పక్కన పోసిన మట్టి డిబ్బ మీద మొక్కలు నాటి రెండు మూడేళ్లయ్యాక తనిఖీ అంటే చాలాచోట్ల జరిగేది మొక్కలు లెక్కపెట్టడమే. ఇన్ని నాటారు, ఇన్ని బతికాయి, ఇంత శాతం, నాలుగు ఫోటోలు, సంతకం. ఆ లెక్క అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ నూటికి తొంభై మొక్కలు బతికిన డిబ్బ కూడా చిత్త కార్తెలో వచ్చే ఒక్క వాయుగుండానికి కిందున్న గెడ్డలోకి, అంటే వాగులోకి, దిగిపోగలదు. మట్టిని పట్టి ఉంచేవి నేలకు అంటుకున్న గడ్డి, రాలిన ఆకు, చిన్న రాయి. వాటికన్నా ముందు, పడిన నీళ్లు పోవడానికి ఒక దారి ఉండాలి.

2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు కూడా ఇదే వైపు చూపిస్తుంది. తవ్వకం ఆపాక లీజుదారు ఆ నేల మీద, తవ్వకం వల్ల చెదిరిన పక్క నేల మీద మళ్లీ గడ్డి పెంచాలి, మేతకూ మొక్కలకూ జీవాలకూ పనికొచ్చే స్థితికి తేవాలి, ఈ షరతు ప్రతి మైనింగ్ లీజులో ఉండాలి అని చెప్పింది. అందులో ముందున్నది గడ్డి. తనిఖీ కాగితాల్లో మాత్రం గడ్డికి ఒక గడి కూడా కనిపించదు.

విశాఖ జిల్లా 2022 ఏప్రిల్‌లో మూడుగా విడిపోయాక చాలా క్వారీలు, లేటరైట్ గనులు అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల లెక్కలోకి వెళ్లాయి. రాయి, వాన మారలేదు కాబట్టి ఇక్కడ చెప్పేది మూడు జిల్లాలకూ పనికొస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి

సెప్టెంబరులో వెళ్తే ఏ డిబ్బ అయినా పచ్చగానే ఉంటుంది. తనిఖీ ఆ నెలలోనే పెట్టించుకోవడానికి కొందరు ఇష్టపడేది అందుకే. ఏడాదికి నాలుగుసార్లు వెళ్లండి. రోహిణి కార్తెలో, అంటే మే చివర, వానలకు ముందు కాలువలు, గుంటలు ఖాళీగా ఉన్నాయో లేదో చూడటానికి ఒకసారి. జూన్‌లో గానీ జులైలో గానీ మొదటి గట్టి వాన పడ్డాక, 24 గంటల లోపు రెండోసారి. తడి ఆరితే నీళ్లు నడిచిన జాడలు సగం చెరిగిపోతాయి. అక్టోబరు, నవంబరు తుఫాను వానల తర్వాత మూడోసారి. మన తీరంలో ఏడాది మొత్తంలో డిబ్బలకు అసలు పరీక్ష ఇదే. ఏప్రిల్‌లో నాలుగోసారి. అప్పటికి ఒక్క ఏడాదే బతికే గడ్డి, వయ్యారిభామ ఎండి రాలిపోయి ఉంటాయి. మిగిలిన కప్పే మళ్లీ వచ్చే మే ఉరుముల వానను ఎదుర్కోవాల్సింది.

ఏం పట్టుకెళ్లాలి

30 మీటర్ల టేపు, స్కేలు, వాలు చూపే యాప్ ఉన్న ఫోను, 10 మి.మీ. మందం మీటరు పొడవు ఇనుప చువ్వ, గునపం, పీవీసీ పైపుతో చేసిన మీటరు చదరపు చట్రం. ఆ చట్రానికి 10 సెం.మీ. దూరంలో అటు తొమ్మిది, ఇటు తొమ్మిది తాళ్లు కడితే 100 గళ్లు వస్తాయి. రెండు గాజు గ్లాసులు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా, లీటరు ఖాళీ బాటిళ్లు నాలుగు, మట్టి పులుపో క్షారమో చూపే పీహెచ్ కాగితాలు. కాగితాల్లో గని మూసివేత ప్రణాళిక, డిబ్బ డిజైన్, నాటిన తేదీ, మొదట నాటిన సంఖ్య, పోయినసారి ఫోటోలు కావాలి. మొదట నాటిన సంఖ్య లేకుండా బతికిన శాతం వేయకండి.

ఏ మట్టి మీద నిలబడ్డారో చూడండి

కొండ పక్కన క్వారీ అంటే ఇక్కడ రాయి సాధారణంగా ఖొండలైట్ గానీ చార్నొకైట్ గానీ. సింహాచలం కొండలది ఖొండలైట్. చివికితే ఎర్రగానో తెల్ల సుద్దలాగానో మారి, మధ్యలో గార్నెట్ గింజలు మెరుస్తుంటాయి. తడిస్తే సబ్బులా జారుతుంది, వాలు మీద కోతకు ఇదే తొందరగా లొంగుతుంది. చార్నొకైట్ నల్లరాయి క్వారీ వ్యర్థంలో రాయే ఎక్కువ, మట్టి తక్కువ. కోత అంత ఉండదు గానీ నీళ్లు నిలవక ఏప్రిల్‌లో మొక్క ఎండుతుంది. లేటరైట్ అనే ఎర్ర రాతిమట్టి గాలీ ఎండా తగిలితే పైన చిట్టం కట్టి గట్టిపడుతుంది, విత్తనం మొలిచినా వేరు దిగదు. కాల్సైట్ అనే సున్నపు ఖనిజం వ్యర్థం ఉన్నచోట పీహెచ్ పెరిగి, ఆకు పసుపురంగుకు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందకపోవడం. యూరియా వేస్తే పోదు.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లకు కప్పులేని ఎర్ర ఇసుకను వాన ఎంత లోతుకు కోయగలదో వేరే చెప్పక్కర్లేదు. అక్కడ అది ప్రకృతి చేసిన పని, రక్షిత ప్రాంతం. డిబ్బ మీద అలాంటి గోడలు లేస్తుంటే మాత్రం అది తప్పిదం.

మట్టి నీటిలో కరిగిపోయే రకమా కాదా తేల్చడానికి గ్లాసు పరీక్ష చాలు. బఠాణీ గింజంత ఎండు మట్టి బెడ్డను గ్లాసులోని డిస్టిల్డ్ వాటర్‌లో మెల్లగా జారవిడవండి, కదపకండి. పది నిమిషాల్లో బెడ్డ చుట్టూ పాలు కలిపినట్టు మబ్బు లేస్తే ఆ మట్టి చెదిరే రకం, దాని మీద కట్టిన కట్ట లోపల బొరియలు పడతాయి. దానికి జిప్సం కలపాలి, నీళ్లు నిల్వ చేసే కందకాలు తవ్వకూడదు. బెడ్డ విరిగి కుప్పగా కూలి, నీళ్లు మాత్రం తేటగా ఉంటే అది వేరే సంగతి. సేంద్రియం తక్కువని అర్థం, గత్తంతో, అంటే పశువుల ఎరువుతో, బాగుపడుతుంది. కుళాయి నీళ్లతో ఈ పరీక్ష చేస్తే తప్పు చూపిస్తుంది, అందులోని లవణాలు మబ్బును అణిచేస్తాయి.

పైనుంచి కిందికి నడవండి

నీళ్లు ఎక్కడ మొదలవుతాయో అక్కడే మొదలుపెట్టాలి. ముందు డిబ్బ తల. తల చదునుగా ఉండి అంచు వైపు వాలితే వాన మొత్తం వాలు మీదికే దూకుతుంది. లోపలికి, అంటే కొండ వైపుకు, సుమారు 50కి 1 వాలు ఉండాలి, అంచున చిన్న గట్టు ఉండాలి. వాలు మధ్యలో వదిలిన మెట్లు కూడా అంతే. తొక్కుడు వల్ల గానీ, బైకులు ఎక్కించడం వల్ల గానీ గట్టు ఒకచోట తెగిందా చూడండి. కింద కనిపించే ప్రతి పెద్ద గండికీ పైన అలాంటి తెగిన చోటు ఒకటి ఉంటుంది.

అంచుకు సమాంతరంగా చీలికలు ఉంటే ఇటొకటి అటొకటి మేకు కొట్టి, మధ్య దూరం మి.మీ.ల్లో రాసుకోండి, వారానికోసారి కొలిపించండి. పెరుగుతుంటే కింద ఎవరినీ పని చేయనివ్వకండి. చీలికలోకి నీళ్లు దిగకుండా బంకమట్టితో దిమ్మిసా చేయించండి. క్వారీ నిలువు గోడ కింద నిలబడి కొలతలు తీసుకోవడం, నీళ్లు నిండిన గుంట అంచుకు వెళ్లడం ఎంత అవసరమైనా వద్దు.

తర్వాత వాలు. మట్టి దానంతటది జారి నిలిచే కోణం దాదాపు 37 డిగ్రీలు. అలా పోసినదాన్ని అలాగే వదిలేస్తే గడ్డి నిలవదు. పర్యావరణ అనుమతుల్లో తరచూ కనిపించే హద్దు 28 డిగ్రీలు, అంటే అడ్డంగా 10 మీటర్లకు 5.3 మీటర్ల ఎత్తు. ఫోను నేల మీద నేరుగా పెట్టకుండా రెండు మీటర్ల తిన్నని కర్ర మీద పెట్టి చూడండి. ఒకే వాలు మీద మూడుచోట్ల కొలవండి, నడుం దగ్గర ఎత్తుగా ఉబ్బిన వాలు అడుగున ఎక్కువ కోస్తుంది.

కోతను కళ్లతో అంచనా వేయకుండా కొలవండి. వాలుకు అడ్డంగా, ఒకే ఎత్తులో 10 మీటర్ల టేపు పరిచి, దాని కింద నుంచి వెళ్లే ప్రతి కోత చాలు వెడల్పు, లోతు రాసుకోండి. ఆరు చాళ్లు దొరికాయి, సగటున 12 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. లోతు, అడుగున మొనదేరి ఉన్నాయి అనుకుందాం. ఒక్కోదాని కోత 12ను 8తో హెచ్చించి సగం చేస్తే 48 చ.సెం.మీ., ఆరింటికి 288. దాన్ని 1000 సెం.మీ. టేపుతో భాగిస్తే 0.288 సెం.మీ., అంటే వాలంతా పరిస్తే దాదాపు 2.9 మి.మీ. మట్టి పోయినట్టు. ఒక మి.మీ. అంటే హెక్టారుకు 10 ఘనపు మీటర్లు కాబట్టి ఇది సుమారు 29 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకు 1.4 టన్నుల చొప్పున 40 టన్నులు. పది టన్నుల టిప్పర్లు నాలుగు. చాలు అడుగు చదునుగా ఉంటే సగం చేయకూడదు, లెక్క రెట్టింపవుతుంది. ఇంత మట్టి పోయినా దూరం నుంచి ఆ వాలు పచ్చగానే కనిపిస్తుంది.

చాళ్లు లేకుండా నేల మొత్తం సమంగా పొరలా లేచిపోయేచోట టేపు పనిచేయదు. అక్కడ 60 సెం.మీ. చువ్వలు 50 సెం.మీ. దిగగొట్టి, 10 సెం.మీ. బయట వదిలి, వరసకు అయిదు చొప్పున మూడు వరసలు పెట్టించండి. వచ్చేసారి బయట 10.5 ఉంటే అర సెం.మీ. మట్టి పోయింది. 9.5 ఉంటే పైనుంచి వచ్చిన మట్టి అక్కడ ఆగింది. చువ్వ లేకపోయినా చెట్ల మొదళ్లు చెబుతాయి: పక్కవేర్లు బయటపడి, మొదలు కిందనే చిన్న దిమ్మె మిగిలి ఉంటుంది.

వాలు పాదం దగ్గర మట్టిని ఆపే అడ్డుగోడ. అందులో నీళ్లు కారే రంధ్రాల వెనక వడపోత రాళ్లు లేకపోతే రంధ్రాల్లోంచే మట్టి కారుతుంది. రంధ్రాలు పూడితే గోడ ఉబ్బుతుంది. రెండూ చూడాల్సినవే.

చుట్టుకాలువ దగ్గర కొంచెం ఆగండి

చుట్టుకాలువలో పూడిక ఎంతో రాసి ఊరుకుంటారు. అది ఎంత నష్టమో ఇలా లెక్క కట్టండి. కాలువకు దిగే నేల 2 హెక్టార్లు, గంటకు 100 మి.మీ. ఉధృతితో వాన, అందులో 60 శాతం పారుతుందనుకుంటే సెకనుకు 330 లీటర్లకు పైగా వస్తాయి. అడుగు వెడల్పు 60 సెం.మీ., లోతు 60, పక్కలు 1కి 1 వాలు ఉన్న కాలువలో పైన 15 సెం.మీ. వదిలి నీళ్లు నడిస్తే, సెకనుకు మీటరు వేగంతో 470 లీటర్లు మోస్తుంది. చాలినంత. అదే కాలువలో 30 సెం.మీ. పూడిక చేరితే మిగిలే దారికి అంతే వేగం ఇచ్చినా 200 లీటర్లే. మిగతా నీళ్లు గట్టు మీదుగా డిబ్బ పాదాన్నే కోస్తాయి. సగం పూడిన కాలువ సగం పనిచేస్తుందనుకోవడం పొరపాటు. ఇంకొకటి, మీటరు వేగమంటే ఉత్త మట్టి కాలువ అడుగు కోసుకుపోతుంది. రాతి పరుపు ఉందా చూడండి. మలుపుల్లో, కల్వర్టు ముందు, వాలు మారేచోట ముందు చూడండి.

కాలువ చివర నీళ్లలోని మట్టి అడుగుకు దిగే గుంట. సగం నిండితే పూడిక తీయాలి. తీసిన మట్టిని గుంట గట్టు మీదే పోస్తే తర్వాతి వానకు మళ్లీ అందులోకే వస్తుంది. వాన పడుతుండగా గుంటలోకి వచ్చే నీళ్లు ఒక బాటిల్‌లో, బయటికి పోయే నీళ్లు ఇంకోదానిలో పట్టి నిలబెట్టండి. గంటలోపు అడుగున మట్టి పేరుకుంటే గుంటకు పని ఉంది. మర్నాటికీ రంగు విరగకపోతే ఆ సన్నమట్టిని ఏ గుంటా ఆపలేదు, పైన వాలు మీద కప్పు పెంచడమే మార్గం. మరో రెండు బాటిళ్లలో గెడ్డ నీళ్లు పట్టండి, క్వారీ నీళ్లు కలిసే చోటుకు పైనొకటి, కిందొకటి. రైతులు బురద వస్తోందంటే రుజువు ఆ రెండు బాటిళ్ల తేడాలోనే ఉంటుంది.

ఇప్పుడు గడ్డి, ఆ తర్వాత చెట్లు

చట్రాన్ని మీకు నచ్చినచోట పెట్టకండి, కళ్లు పచ్చటి చోటునే వెతుక్కుంటాయి. టేపు వెంట ప్రతి 10 మీటర్లకు ఒకటి పెట్టండి, హెక్టారుకు పదికి తగ్గకుండా. ప్రతి గడి మధ్యలో ఏముందో చూసి నాలుగు లెక్కలు రాయండి: బతికే గడ్డి, ఆకుచెత్త లేదా రాయి, కలుపు, ఉత్త నేల. ఏప్రిల్‌లో మొదటి రెండూ కలిపి 70 దాటితే వాలు క్షేమం. 50 లోపుంటే ఆ ముక్కకు మళ్లీ విత్తనం వేయాలి. వయ్యారిభామ, పులికంప, సర్కారు తుమ్మలను కప్పులో కలపకండి.

చెట్టు నీడను కూడా కప్పుగా రాయకండి. ఏడెనిమిది మీటర్ల ఎత్తు ఆకు నుంచి జారే చుక్క నేరుగా పడే వాన చుక్కంత గట్టిగానే కొడుతుంది, కింద ఏమీ లేకపోతే కోస్తుంది. యూకలిప్టస్ కింద ఇది మామూలే. జీడిమామిడి సంగతి ఇంకో రకం. ఎర్రనేలకు బాగా సరిపోతుంది, ఊరివాళ్లకు రాబడి కూడా. కానీ గింజలు ఏరుకోవడానికి కింద ఊడ్చినట్టు శుభ్రం చేస్తారు, ఆ వెంటనే మే వానలు. జీడిమామిడి చదును మీదే ఉండాలి, వాలు మీద వేస్తే మధ్యలో వట్టివేరు వరసలు తప్పనిసరి. డిబ్బ తల అంచున ఎత్తుగా పెరిగే చెట్లూ వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానులో లాగా వేళ్లతో పెకలితే అక్కడ మిగిలే గుంటే కొత్త గండికి మొదలు.

బతికిన మొక్కల లెక్కకు ప్రతి పదో వరస మొత్తం నడవండి. 3 మీటర్లకు 3 మీటర్ల ఎడమైతే హెక్టారుకు 1,111 గుంటలు. బతికినవి, చచ్చినవి, ఖాళీ గుంటలు వేర్వేరుగా రాయండి. చచ్చిన చోట తర్వాత నాటినవి మరో లెక్క. వాటిని కలిపితే ఏటా 40 శాతం చచ్చే తోట కూడా కాగితం మీద 95 శాతం చూపిస్తుంది.

చచ్చిన మొక్కల్లో అయిదింటిని తవ్వి తీయండి. ఒక ఎండిన కానుగ మొక్కను గునపంతో చుట్టూ తవ్వి ఎత్తితే కారణం చేతికే వస్తుంది. వేరు చుట్టూ నర్సరీ పాలిథిన్ సంచి ఇంకా ఉంటే నాటినవాళ్లు బ్లేడు పెట్టలేదన్నమాట. తల్లివేరు అడుగున కొక్కెంలా వంగితే గుంట లోతు చాలలేదు. 45 సెం.మీ. గుంట అని బిల్లు, లోపల 25. బెరడు కింద మట్టి గొట్టాలుంటే చెదలు, వచ్చేసారి గుంటకు 100 నుంచి 200 గ్రాముల వేపపిండి కలపాలి. వేరు నల్లబడి వాసనొస్తే గుంట అడుగు గట్టిగా ఉండి నీళ్లు నిలిచాయి. మొక్క తల కొరికి ఉంటే మేకలు. అది ఊళ్లో కాపర్లతో మాట్లాడి తేల్చుకోవాల్సింది, కోసుకెళ్లే మేతకు ఒప్పుకుంటే కంచె ఖర్చు చాలా తగ్గుతుంది.

నేల గట్టిదనం చూడటానికి వాన పడ్డ మర్నాడు చువ్వను రెండు చేతులతో నొక్కండి. 30 సెం.మీ. దిగాలి. పదికే ఆగిపోతే టిప్పర్లు తొక్కిన నేల. వాలుకు అడ్డంగా 50 సెం.మీ. లోతు రిప్పింగ్, అంటే గట్టి నేలను చీల్చే దున్నకం, చేయించకుండా మళ్లీ మొక్కలు నాటడం డబ్బు దండగ. మట్టి నమూనా 10 నుంచి 15 చోట్ల 15 సెం.మీ. లోతున తీసి, కలిపి, అరకిలో చేసి భూసార పరీక్షకు పంపండి. సేంద్రియ కర్బనం అర శాతం లోపుంటే తక్కువ కింద లెక్క, గని మట్టిలో తరచూ అంతకన్నా అడుగునే ఉంటుంది.

మరమ్మతు రాసేటప్పుడు

చాలును మట్టితో పూడ్చమని మాత్రమే రాస్తే అది మొదటి వానకే పోతుంది. ముందు పైన తెగిన గట్టు, తర్వాతే చాలు. 10 సెం.మీ. లోపు చాళ్లను దంతెతో చదును చేసి విత్తనం చల్లి గడ్డి పరిస్తే సరిపోతుంది. హెక్టారుకు స్టైలో అనే పశుగ్రాసం విత్తనం 6 కిలోలు, అంజన్ గడ్డి 6 కిలోలు, ఇసుక కలిపి. స్టైలో విత్తనం తోలు మందం, సుమారు 80 డిగ్రీల వేడినీళ్లలో 4 నిమిషాలు ఉంచి ఆరబెట్టకపోతే సగం మొలవదు.

అంతకు మించిన చాళ్లకు వట్టివేరు. రెండు మూడు పిలకలున్న దుబ్బులు 10 నుంచి 15 సెం.మీ. ఎడంగా, ఎ-ఫ్రేమ్‌తో (మట్టం చూసే ఎ ఆకారపు కర్ర చట్రం) గీసిన సమతల గీత మీద నాటాలి. 100 మీటర్ల వరసకు దాదాపు 800 దుబ్బులు. ఒక్కచోట జానెడు ఖాళీ వదిలితే నీళ్లన్నీ అక్కడే చేరి వరసనే కోస్తాయి. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో నాటితే అక్టోబరుకు వేరు పడుతుంది. ఆగస్టు చివర నాటినవి తుఫానుకు కొట్టుకుపోతాయి. దట్టమైన నీడలో వట్టివేరు నిలవదు.

అడుగు దాటిన గండికి రాతి అడ్డుకట్టలు. పై కట్ట పాదం, కింది కట్ట తల ఒకే మట్టంలో ఉండాలి. కట్ట ఎత్తు 60 సెం.మీ., గండి వాలు నూటికి 20 అయితే ఎడం 3 మీటర్లు. తల మధ్యలో 15 నుంచి 20 సెం.మీ. పల్లంగా ఉండాలి, చెవులు, అంటే కట్ట రెండు చివరలు, పక్క గట్టులోకి అరమీటరు దిగాలి. తల సమంగా కట్టిన కట్టలే ఎక్కువ పోతాయి, నీళ్లు పక్కనుంచి తవ్వుకుని కట్టను ఒంటరిగా వదిలేస్తాయి.

కొబ్బరిపీచు మ్యాట్ వేసినచోట వంగి చేయి పెట్టి చూడండి. మ్యాట్‌కూ నేలకూ మధ్య వేళ్లు దూరితే నీళ్లు కిందనుంచే పారుతున్నాయి. పై అంచు 30 సెం.మీ. కందకంలో పూడ్చాలి, అంచు మీద అంచు 15 సెం.మీ. ఎక్కాలి, మీటరుకో మేకు ఉండాలి. రెండు మూడేళ్లలో అది మట్టిలో కలిసిపోతుంది, ఆలోపు గడ్డి అందుకోకపోతే ఆ ఖర్చు మళ్లీ పెట్టాలి.

నివేదికలో ప్రతి లోపానికీ చోటు, కొలత, కారణం, చేయాల్సిన పని, గడువు ఉండాలి. ‘మొక్కలు పెంచవలెను’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయరు. ‘రెండో మెట్టు, ఉత్తరం వైపు 40వ మీటరు దగ్గర గట్టు 1.2 మీటర్లు తెగింది, జూన్ 5 లోపు వేయాలి’ అంటే ఎవరైనా వెళ్లి చూడగలరు. ఫోటోలు పాతిన రాయి మీద నిలబడి, ప్రతిసారీ ఒకే దిక్కుకు తీయండి. కావలిమనిషికి ఒక వానమాపకం ఇచ్చి, రోజు వాన 50 మి.మీ. దాటితే ఫోను చేయమనండి. తర్వాతి తనిఖీ ఆ మర్నాడే.